వెండికి ఇరుకు, ఆర్సెనిక్‌కి వదులు

ఫిబ్రవరి 3, 2014, సోమవారం

కొత్త ఖనిజం దొరికింది. కొత్త ఖనిజాల్ని గుర్తించే అంతర్జాతీయ కమిషన్ ఓటు వేసేదాకా సంగతి బయటికి పొక్కకూడదని నియమం. నా నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే ఇంటికొచ్చే దారిలో ఈ నోటుపుస్తకం కొన్నాను. ఇకమీదట వాగుడంతా దీని ముందే.

ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పట్నంలో, యూనివర్సిటీ నేలమాళిగలో, ఎక్స్‌రే యంత్రం పక్కన కూర్చుని పరాయివాళ్ళ రాళ్ళు కొలిచాను. పద్నాలుగు కొత్త ఖనిజాలు నా చేతుల మీదుగా లోకం చూశాయి. ప్రతి వ్యాసం చివరా చీమ తలకాయంత అక్షరాల్లో 'సాంకేతిక సహాయం చేసిన ఒటీలియా అంబోర్డ్‌కు కృతజ్ఞతలు' అని ఉంటుంది. పురుడు పోసేది మంత్రసాని, పేరు పెట్టేది ఇంకెవరో. జూన్ 30న నాకు రిటైర్మెంట్. ఈ పదిహేనోది మాత్రం నాది.

రాయి నాన్నది. క్రిస్మస్‌కి ఊరెళ్ళినప్పుడు ఆయన నేలగది ఖాళీ చేస్తున్నాడు. ఎనభై నాలుగేళ్ళొచ్చాయి, కొండెక్కడం మానేశాడు. బతుకంతా ఏరిన రాళ్ళు చుట్టల పెట్టెల్లో పేర్చి ఉన్నాయి. ఒక పెట్టె నా చేతికిచ్చి, "ఇది చెత్త. వాగులో పారెయ్" అన్నాడు. చెత్త పారేసే అలవాటు మా వంశంలో లేదు కనక పట్నం తెచ్చేశాను. పంచదార పలుకుల్లాంటి తెల్ల డోలమైటు రాయి, అందులో బొటనవేలు దూరేంత తొర్ర, తొర్రలో కనురెప్ప వెంట్రుక ముక్కంత బూడిదరంగు సూది. పెట్టె మీద నాన్న చేతిరాత: 'సెప్టెంబర్ 1983'. ఎక్కడ దొరికిందో రాయలేదు. అందులో వింతేం లేదు. మా బిన్ లోయలో రాళ్ళు ఏరేవాడు చోటు సంగతి కట్టుకున్నదానికి కూడా చెప్పడు.

ఫిబ్రవరి 6

సీసం, వెండి, ఆర్సెనిక్, గంధకం. అంటే సల్ఫోసాల్టు అనే ఖనిజాల జాతిదే. తెలిసిన ఖనిజాల పట్టికలన్నీ మరోసారి తిరగేశాను, దేనితోనూ కలవలేదు. భోజనాల గదిలో సూప్ తాగుతూ నాలో నేను నవ్వుకుంటుంటే వంటావిడ "ఒంట్లో బాగానే ఉందా తల్లీ?" అని అడిగింది.

ఫిబ్రవరి 11

నిర్మాణం తేలింది!

స్ఫటికమంటే ఒకే గదిని అన్ని వైపులా లక్షలసార్లు వరసగా కట్టుకుంటూ పోయిన ఇల్లు. ఒక్క గది కొలిస్తే ఇల్లంతా కొలిచినట్టే. ఎక్స్‌రే పంపితే తెర మీద చుక్కలు పడతాయి. చుక్కల మధ్య ఎడం గది పొడవు చెబుతుంది (ఎడం ఎంత తగ్గితే గది అంత పొడుగు), చుక్కల వెలుగు లోపల ఎవరెక్కడ కూర్చున్నారో చెబుతుంది. ఇది నాకు నేను చెప్పుకోనక్కర్లేదు. ల్యాబ్ చూడ్డానికొచ్చే బడిపిల్లలకి ఏటా చెప్పి చెప్పి నోటికి పట్టేసింది.

సీసాలు ఒళ్ళున్నవి, సగం గది అవే ఆక్రమించాయి. ఆర్సెనిక్ గుణం తెలిసిందే: మూడు గంధకాలతో చేతులు కలిపి, నాలుగో వైపు ఎవరూ రాకుండా మోచెయ్యి చాపుకుని కూర్చుంటుంది. పోస్టు బస్సులో నాన్న కూర్చుంటాడే, అలా. ఒక్క కుర్చీ దగ్గర మాత్రం లెక్క మొరాయించింది. అందులో సగం వెండి, సగం ఆర్సెనిక్ అని పెడితే దారికొచ్చింది. అంటే ఒక గదిలో వెండి, ఇంకో గదిలో ఆర్సెనిక్, వరసా వావీ లేకుండా ఎవరు ముందొస్తే వాళ్ళు. సల్ఫోసాల్టుల్లో ఇలాంటి సర్దుబాట్లు మామూలే. విద్యుదావేశాల లెక్క కూడా అణాపైసలతో సరిపోయింది. లెక్కకీ కొలతకీ మధ్య తప్పు ఐదు శాతం.

మా ల్యాబ్ పెద్ద యూర్గ్‌కి చూపించాను. వాడి వయసు ముప్ఫై ఆరు. నేను ఇక్కడ ఉద్యోగంలో చేరేనాటికి వాడు పుట్టలేదు.

"ఒటీలియా గారూ, ఈసారి కృతజ్ఞతల్లో కాదు. వ్యాసంలో మొదటి పేరే మీది" అన్నాడు.

బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

ఫిబ్రవరి 12

పెద్ద చుక్కలకి సరిగ్గా నడిమధ్యన ఏవో మసక చుక్కలున్నాయి. పాత యంత్రం. దాని గోలే.

ఫిబ్రవరి 16, ఆదివారం

పేరు గురించి ఆలోచించాను. కనుక్కున్నవాళ్ళు తమ పేరు తాము పెట్టుకోకూడదు. మంచి నియమమే, లేకపోతే మా యూర్గ్ ఈపాటికి నాలుగు రాళ్ళయి ఉండేవాడు. రాయి దొరికినవాడి పేరు పెట్టొచ్చు. అతను బతికి ఉంటే ఒప్పుకుంటున్నానని రాసివ్వాలి.

కాబట్టి నాన్న పేరు. థియోడూల్ అంబోర్డ్. అంబోర్డైట్. వంటింట్లో నిలబడి పైకి చదివాను. ఎంత బాగుందో! నాన్న ఇంటిపేరే నా ఇంటిపేరు కావడం కేవలం కాకతాళీయం. నేను పెళ్ళి చేసుకోకపోవడం వల్ల ఆ ఇంటిపేరు నా దగ్గరే మిగిలిపోవడం కూడా కాకతాళీయమే.

ఫిబ్రవరి 23

ఊరెళ్ళొచ్చాను. రైలు, ఇంకో రైలు, బస్సు, మోకాళ్ళదాకా మంచు. నాన్న పొయ్యి దగ్గర కూర్చుని రై రొట్టె కోస్తున్నాడు. మా ఊరి రై రొట్టెకి కత్తి చాలదు, రంపం కావాలి. కాగితం బల్ల మీద పెట్టాను.

"ఏంటిది?"

"సంతకం పెట్టు నాన్నా. ఒక ఖనిజానికి నీ పేరు పెడుతున్నాను."

"ఏ ఖనిజం?"

"క్రిస్మస్‌కి ఇచ్చావు చూడు, ఆ పెట్టెలోది."

కోయడం ఆపాడు. "పారెయ్యమన్నాగా."

"పారెయ్యలేదు."

"చెప్పిన మాట విన్న రోజుందటే నీ జన్మలో? నేను పెట్టను."

"ఎందుకు పెట్టవు?"

"రాళ్ళకి మనుషుల పేర్లేంటి? రేపొద్దున ఆవులకి కూడా పెడతారు."

"మన ఆవు పేరు బెర్తా. నాయనమ్మ పేరే కదా అది!"

"అది గౌరవం. ఇవి వేషాలు. నోరు మూసుకుని జున్ను తిను."

తిన్నాను. జున్ను మాత్రం బాగుంది.

మార్చి 4

మా లోయ మాటలో చెప్పాలంటే, కళ్ళజోడు క్విరీన్ సుత్తి అయిపోయింది. గంటసేపు వెతికాక నెత్తి మీదే దొరికింది.

మార్చి 9

ఫోన్ చేశాను. మళ్ళీ పెట్టనన్నాడు. మా నాన్న కోపం రెండు రకాలు. నిజంగా కోపమొస్తే మాట్లాడడు. ఏదైనా దాస్తున్నప్పుడు వచ్చే కోపంలో అరుస్తాడు. ఇవాళ అరిచాడు. ఆయన దాచుకునేదేముంటుంది, చోటు పేరేగా! ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా ఆ తెల్లరాయి ఎవరో ఎత్తుకుపోతారని భయం. పిసినారితనం.

మార్చి 13

యూర్గ్ మెట్లు దిగి పరుగున వచ్చాడు. "కొంప మునిగింది. ఇటలీ వాళ్ళ దగ్గర మన లోయ సల్ఫోసాల్టే ఇంకోటి ఉందట. వాళ్ళు ముందు పంపారా, మనం గోవిందా!"

కమిషన్‌కి దరఖాస్తు నెలాఖరులోగా పంపాలట. దరఖాస్తులో పెట్టాల్సిన బొమ్మలో ఆ మసక చుక్కలు ఎగతాళి చేస్తున్నట్టు కనిపించాయి. పరీక్షించేవాళ్ళు చూస్తే వంద వంకలు పెడతారు. ప్రోగ్రాంలో ఒక మీట ఉంటుంది, ఇంతకంటే మసకగా ఉన్న చుక్కలు లెక్కలోకి తీసుకోవద్దని చెప్పడానికి. దాన్ని కాస్త పైకి జరిపాను. బొమ్మ అద్దంలా వచ్చింది. అందరూ చేసేదే.

మార్చి 14

అందరూ చేసేదే.

మార్చి 19, సెయింట్ జోసెఫ్ పండగ

మా లోయకి సెలవు, పట్నానికి కాదు. నేను సెలవు పెట్టుకుని వెళ్ళాను. నాన్నని మెత్తబరచడానికి ఆ బొమ్మని చట్రం కట్టించి తీసుకెళ్ళాను. ఎంత కష్టపడ్డానో తెలియాలని, శుభ్రం చేయకముందు తీసిన బొమ్మ కూడా పక్కన పెట్టాను.

నాన్న కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి రెండూ పక్కపక్కన పట్టుకుని చూశాడు. చదువు నాలుగో తరగతి. కానీ డెబ్భై ఏళ్ళు రాళ్ళు చూసిన కళ్ళు.

"ఈ చిన్నచుక్కలేంటి? దీంట్లో ఉన్నాయి, దాంట్లో లేవు."

"అది గోల నాన్నా. తీసేశాను."

"గోలైతే ఇష్టమొచ్చినట్టు పడాలి కదే. ఇవి వరసలో ఉన్నాయి. రెండు పెద్ద చుక్కల మధ్య ఒక్కోటి. ఎవరో కావాలని పెట్టి వెళ్ళినట్టున్నాయి."

నేను చట్రం అంచు మీద దుమ్ము తుడిచాను.

"నువ్వే తీసేశావా?"

"ఒక మీట జరిపానంతే. అవి ఉంటే పని ముందుకి సాగదు."

నాన్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపడే! పొయ్యిలో కట్టె కూలింది. అప్పుడన్నాడు, "నేనూ అంతే. అది ఉంటే పని సాగదని తీసేశాను."

"ఏది?"

"క్విరీన్ సుత్తి."

మా లోయలో ఒక కట్టుబాటుంది. కొండలో స్ఫటికాలున్న తొర్ర దొరికినవాడికి ఆ రోజు పని పూర్తికాకపోతే, పేరు చెక్కిన సుత్తిని దాని దగ్గర పెట్టి దిగొస్తాడు. ఆ సుత్తి ఉన్నన్నాళ్ళూ తొర్ర అతనిది. తాగుబోతులు ముట్టుకోరు, దొంగలు ముట్టుకోరు, బయటి ఊళ్ళ నుంచొచ్చిన పరాయివాళ్ళు సైతం ముట్టుకోరు. చర్చిలో హుండీ పగలగొట్టినవాడిని ఒకసారి మా ఊరు క్షమించింది. సుత్తి కదిపినవాడు ఎవడూ లేడు కనక ఏం చేసేవాళ్ళో తెలియదు.

నాన్న చెప్పుకొచ్చాడు. ఎనభై మూడు సెప్టెంబరు. మూడు వేసవులుగా ఆయనకి చెప్పుకోదగ్గ రాయి దొరకలేదు. క్విరీన్ ష్నీడ్రిగ్‌కి మాత్రం పట్టిందల్లా బంగారంగా ఉంది. ఆ రోజు తెల్లరాతి వరస మీద తొర్ర కనిపించింది, పక్కన సుత్తి, పిడి మీద 'క్వి. ష్నీ.' క్విరీన్ గడ్డి కోతకని కిందికి దిగాడు. నాన్న చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. సుత్తి వాగులోకి విసిరేశాడు. తొర్ర ఖాళీ చేసి సంచిలో వేసుకుని, దాని నోరు రాళ్ళతో కప్పేశాడు.

"అమ్మావా ఆ రాళ్ళు?"

"ఎక్కడివి అని అడిగితే ఏం చెప్పను? ఎవరికీ చూపించలేదు. మీ అమ్మకి కూడా."

"మరి క్విరీన్?"

"మర్నాడెళ్ళి వెతికాడు. వారమంతా వెతికాడు. మూడేళ్ళు వెతికాడు. చోటు మర్చిపోయానని అనుకున్నాడు."

ముప్ఫై ఏళ్ళుగా మా లోయలో ఏం పోయినా 'క్విరీన్ సుత్తి అయింది' అంటాం. తాళంచెవి, గొడుగు, మొగుడు, ఏదైనా సరే. నేనూ అంటాను. ఈ పుస్తకంలోనే రాశాను, ఇప్పుడే వెనక్కి తిప్పి చూశాను. నాన్న నోట ఆ మాట ఒక్కసారి కూడా వినలేదని ఇవాళ తట్టింది.

బస్సుకి బయల్దేరుతుంటే నాన్న గుమ్మంలోకొచ్చి, "ఎవరితోనూ అనకు" అన్నాడు.

మార్చి 20

లోయ పేరు పెట్టేస్తే గొడవే లేదు. చోటు పేరుకి ఎవరి సంతకమూ అక్కర్లేదు. దరఖాస్తులో 'రాయి ఎవరికి దొరికింది' అనే గడి ఒకటుంది. తెలియదు అని రాయొచ్చు.

మార్చి 21

కానీ అంబోర్డైట్ ఎంత బాగుంది!

మార్చి 24

మీట కిందికి దించాను.

మసక చుక్కలన్నీ మళ్ళీ వచ్చి నిలబడ్డాయి. ఒక్కటి కూడా వరస తప్పలేదు. వాటి లెక్కన గది పొడవు నేను చెప్పినదానికి సరిగ్గా రెండింతలు. రెండు గదుల్ని ఒకటనుకుని, ఇద్దరు వేర్వేరు మనుషుల్ని ఒకే కుర్చీలో కుక్కాను.

ఇది ఫిబ్రవరిలోనే తెలియాలి. తెలుసు కూడా. ఆ కుర్చీ నుంచి గంధకానికి దూరం రెండు పాయింట్ నాలుగు ఆంగ్‌స్ట్రామ్‌లు వచ్చింది. ఆర్సెనిక్‌కి అంత అక్కర్లేదు, వెండికి అది చాలదు. వెండికి ఇరుకు, ఆర్సెనిక్‌కి వదులు. మొదటి ఏడాది విద్యార్థి అయినా పట్టుకుంటాడు. నేను ఆ అంకె ఉన్న పేజీని రోజూ తిప్పేసి తర్వాతి పేజీకి వెళ్ళాను. ముప్ఫై ఎనిమిదేళ్ళ అనుభవం ఊరగాయ పెట్టుకోవడానికా? సిగ్గేసింది.

మార్చి 25

యూర్గ్‌కి చెప్పాను.

"ఒటీలియా గారూ, ఇప్పుడా!"

"ఇప్పుడే బాబూ. మళ్ళీ కొలవాలి. మసక చుక్కలు సరిగ్గా పడాలంటే ఐదు రోజులు యంత్రం వదలకుండా తిరగాలి."

"ఇటలీ వాళ్ళు ఈలోగా పంపేస్తే?"

"వాళ్ళ అదృష్టం."

వాడు తల గోక్కున్నాడు. "నిజం చెప్పండి, ఎవరైనా గమనిస్తారంటారా?"

"నేను గమనించాను కదా. అదే దరిద్రం."

లేచి వెళ్ళి కాఫీ తెచ్చిపెట్టాడు. కుర్రాడు చెడ్డవాడు కాదు.

మార్చి 27

సూది, దాన్ని అంటించిన గాజుపోగు మీంచి జారింది. ఊపిరి బిగబట్టి, భూతద్దం పెట్టి బల్లంతా వెతికాను. ప్రపంచంలో ఉన్నది ఆ ఒక్క సూదే. నా చేతి రుమాలు అంచున దొరికింది. ఎవరికీ చెప్పలేదు. నీకు మాత్రం చెబుతున్నాను.

ఏప్రిల్ 1

తప్పు రెండు పాయింట్ ఎనిమిది శాతం!

ఒక గదిలో వెండి, పక్క గదిలో ఆర్సెనిక్, మళ్ళీ వెండి, మళ్ళీ ఆర్సెనిక్. ఎక్కడా కలవలేదు, ఎక్కడా వరస తప్పలేదు. వెండికి చాలినంత చోటుంది, ఆర్సెనిక్ తన మూడు గంధకాల్ని దగ్గరికి లాక్కుని మోచెయ్యి చాపుకుంది. వెండి ఒకటి, సీసం నాలుగు, ఆర్సెనిక్ ఐదు, గంధకం పన్నెండు. అప్పుడూ కొత్తదే, ఇప్పుడూ కొత్తదే. కాకపోతే ఇప్పుడు నిజం కూడా. యూర్గ్ "ఏప్రిల్ ఫూల్ కాదు కదా?" అని మూడుసార్లు అడిగాడు.

ఏప్రిల్ 3

ఊరి నుంచి కవరు. అందులో నాన్న సంతకం పెట్టిన అంగీకార పత్రం, వెనక పెన్సిల్ రాత:

'టీలీ, పెట్టాను. క్విరీన్ జోలికి పోకు. జున్ను వేరే పంపుతున్నాను. నాన్న.'

ఏప్రిల్ 4

కాగితం సంచిలో ఉంది. నాన్న ముసలివాడు, క్విరీన్ కూడా ముసలివాడు, పాతవన్నీ తవ్వితే ఎవరికి లాభం? పైగా ష్నీడ్రిగైట్ అంటే ఎవరో తుమ్మినట్టుంటుంది. ఏ మ్యూజియంలో పెట్టినా చీటీ చదివేవాడికి పక్కవాడు చిరంజీవ అంటాడు.

ఆ కాగితాన్ని ఇవాళ నాలుగుసార్లు బయటికి తీసి చూశాను.

ఏప్రిల్ 5, శనివారం

నాన్నకి కృతజ్ఞతలు చెప్పొద్దామని బయల్దేరాను. అదే కారణం, ఇంకేం లేదు.

రైలు దిగి బస్సెక్కితే ముందు క్విరీన్ నిలబడి జేబులు వెతుక్కుంటున్నాడు. ఎనభై ఒక్కేళ్ళు. రాయితీ కార్డు కనబడటం లేదు. జేబుల్లోంచి కార్డు రావడం లేదు గానీ చీటీలు వస్తున్నాయి, ఒకటి తర్వాత ఒకటి. ఒకటి నా కాళ్ళ దగ్గర పడింది. 'పొయ్యి ఆర్పాను. తాళంచెవి ఎడమ జేబు. శనివారం.' ఎక్కడ ఏం పెట్టాడో, ఏం చేశాడో, అన్నీ రాసిపెట్టుకుంటున్నాడు.

డ్రైవర్ వెనక్కి తిరిగి, "ఏం తాతా, కార్డు కూడా సుత్తి దగ్గరికే వెళ్ళిందా?" అన్నాడు.

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. అలవాటుగా, ముప్ఫై ఏళ్ళుగా నవ్వుతున్నట్టే నవ్వు వచ్చేసింది. క్విరీన్ కూడా అందరితోపాటు నవ్వాడు, కానీ చేతులు మాత్రం గాబరాగా వెతుకుతూనే ఉన్నాయి. కార్డు టోపీ మడతలో దొరికింది. కూర్చుని, జేబులోంచి పెన్సిల్ తీసి, ఒక చీటీ మీద 'కార్డు టోపీలో' అని రాసుకున్నాడు.

ఇంటికెళ్ళగానే నాన్న ముందు ఆ అంగీకార పత్రం పెట్టాను. చించుదామనుకున్నాను, చేతులు రాలేదు. అంబోర్డైట్! ముప్ఫై ఎనిమిదేళ్ళు చీమతలల అక్షరాల్లో బతికినదాన్ని, ఒక్క రాయి అడిగాను. ఇది రాస్తుంటే కూడా ఏడుపొస్తోంది.

"రేపు క్విరీన్ ఇంటికి వెళ్తున్నాం" అన్నాను.

"నేను రాను."

"సరే. నేనొక్కదాన్నే వెళ్ళి చెబుతాను. నా మాటల్లో చెబుతాను మరి."

నాన్న నన్ను చూశాడు, కాగితం చూశాడు. దాన్ని ఉండచుట్టి ఆయనే పొయ్యిలో వేశాడు.

ఏప్రిల్ 6

క్విరీన్ వంటింట్లో ముగ్గురం. గోడకి, అల్మారాకి, కాఫీ డబ్బాకి చీటీలే. నాన్న టోపీ తీయకుండా, కూర్చోకుండా, గడపలోనే నిలబడి మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

క్విరీన్ కొట్టలేదు, తిట్టలేదు. బల్ల మీద రొట్టె తుంపులు వేలితో ఒక చోటికి చేర్చాడు.

"తొర్రకి ఎడం పక్కన తుప్పురంగు చార ఉందా?" అన్నాడు.

"ఉంది."

"పైన గొర్రె ముక్కులాంటి రాయి?"

"ఉంది."

"వాగు నుంచి నూట నలభై అంగలు."

"నేను లెక్కపెట్టలేదురా."

"నేను పెట్టాను. నూట నలభై. మా అగాథాకి ఆ రోజే చెప్పాను. మర్నాడు నూట నలభై అంగలు వేసి చూస్తే రాళ్ళగుట్ట! మళ్ళీ మొదట్నుంచి వేశాను. ఎన్నిసార్లు వేసినా అదే గుట్ట. 'నీ మతి పోతోంది క్విరీన్, ఇంక కొండెక్కకు, ఎక్కడో పడి చస్తావు' అంది. యాభై ఏళ్ళురా నాకప్పుడు. నిజమే కాబోలనుకుని మానేశాను."

నాన్న గుమ్మం అంచు పట్టుకున్నాడు. నేను నోరు తెరిచి ఖనిజం సంగతి, పేరు సంగతి చెప్పాను. ఏదో ఒకటి చెప్పకపోతే ఆ గదిలో ఊపిరాడేలా లేదు.

"నా పేరా? దేంతో చేసిందమ్మాయ్ అది?"

"సీసం, ఆర్సెనిక్, గంధకం..."

"పాషాణానికా నా పేరు!"

"వెండి కూడా ఉంది బాబాయ్."

"ఎంత?"

"పన్నెండు గంధకాలకి ఒకటి."

"నా కాపురంలో కూడా వెండి పాలు అంతే" అని, మొదటిసారి నాన్న మొహంలోకి చూశాడు. "సంతకం పెడతా. కానీ ముందు వీడొచ్చి అగాథాకి చెప్పాలి."

అగాథా పోయి ఐదేళ్ళయింది.

"ఒరేయ్ క్విరీన్," అన్నాడు నాన్న మెల్లగా, "అగాథా..."

"ఎక్కడుందో నాకు తెలుసురా. ఆ చోటు మర్చిపోలేదు. వచ్చే ఆదివారం, పూజ అయ్యాక."

ఏప్రిల్ 10

ఇటలీ వాళ్ళది వేరే ఖనిజమట. యూర్గ్‌కి రెండు వారాలుగా నిద్ర లేదట. నేను మాత్రం హాయిగా పడుకున్నానని చెప్పాను. అబద్ధం.

ఏప్రిల్ 13, మట్టలాదివారం

నాన్న పెళ్ళినాటి కోటు వేసుకున్నాడు. గుండీలు పట్టలేదు. పూజంతా ఒక్క పాటా పాడలేదు. చివరి దీవెన కాకముందే మేం ముగ్గురం పక్క తలుపులోంచి సమాధుల వైపు నడిచాం. మంచు కరిగి దారంతా బురద. అగాథా సమాధి గోడ వారన ఉంది. క్విరీన్ వంగి రాతి మీద ఎండుటాకు తీసేశాడు.

"చెప్పు" అన్నాడు.

నాన్న టోపీ తీశాడు. బిషప్పు వచ్చినప్పుడు కూడా తీయని టోపీ అది.

"అగాథా," అని సణిగినట్టు మొదలుపెట్టాడు, "నేను థియోడూల్‌ని. ఎనభై మూడులో క్విరీన్ సుత్తి తీసింది నేను. వాగులో పారేసి, తొర్ర కప్పేశాను. మీ ఆయన చెప్పిన చోటు సరైందే. అతని మతికేం కాలేదు, అప్పుడూ కాలేదు, ఇప్పుడూ కాలేదు. మిగతా విషయాల్లో అతనెలాంటివాడో నీకు తెలిసిందే."

"గట్టిగా చెప్పు" అన్నాడు క్విరీన్. "దానికి చెవుడు."

అప్పుడే చర్చి పెద్ద తలుపులు తెరుచుకున్నాయి. చేతుల్లో కొమ్మలు పట్టుకుని ఊరంతా బయటికొస్తోంది. బస్సు డ్రైవర్ ఉన్నాడు, ఫాదర్ గారున్నారు, సారాకొట్టు ఆవిడ ఉంది. నాన్న వాళ్ళని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను కొండ వైపు చూశాను.

నాన్న గొంతు సవరించుకుని మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. ఈసారి ఆవుల్ని కొండ మీంచి పిలిచే గొంతుతో. సుత్తి అన్న మాట దగ్గర జనం నడక ఆగిపోయింది. వాగు అన్న మాట దగ్గర ఎవరో కొమ్మ కింద పడేశారు. 'అతని మతికేం కాలేదు' అన్నది రెండుసార్లు చెప్పాడు, క్విరీన్ అడక్కుండానే. చెప్పేసి టోపీ పెట్టుకోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. నవ్వినవాళ్ళు లేరు.

క్విరీన్ నా దగ్గర కలం తీసుకుని, కాగితం గోడ మీద పెట్టి, నిదానంగా, ఒక్కో అక్షరం గుండ్రంగా సంతకం చేశాడు. ఏ చీటీ రాసుకోలేదు.

అగాథాకి చెవుడేం లేదు. పక్క వీధిలో చీమ చిటుక్కుమన్నా వినపడేది ఆవిడకి. ఈసారి నా నోట్లో నువ్వుగింజ నానింది.